అన్న కారు అమ్మిన పొద్దు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. చిత్తూరులో కరెంటు సామాన్ల కొట్టు నడుపుతున్నవాణ్ణి. లైటు దానంతటదే వెలిగిందని ఎవరైనా అంటే ముందు స్విచ్చు చూస్తాను. ఈ ఒక్కదానికి మాత్రం స్విచ్చు దొరకలేదు.

మా అన్నకు పాత కార్ల పిచ్చి. కార్వేటినగరంలో ఒక ఇంటి వెనక, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారును కొని లారీ మీద ఎక్కించుకొచ్చాడు. అడుగు తుప్పుపట్టి కాళ్ల కింద నేల కనిపించేది. ఒక సామాను చెన్నైలో దొరికితే ఇంకొకటి ఇంగ్లండు నుంచి రావాలి. ఏళ్ల తరబడి తంటాలు పడి దాన్ని బతికించాడు.

దానికి రెండు కార్బురేటర్లు. రెండూ సమానంగా గాలి పీల్చకపోతే ఇంజను దగ్గుతుంది. అన్న రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక్కో కార్బురేటరు మూతి దగ్గర పెట్టి, ఆ బుస వింటూ స్క్రూలు తిప్పేవాడు. రెండు బుసలూ ఒకటయ్యేదాకా తిండి ధ్యాస ఉండేది కాదు. ఇంజను చప్పుడు సర్దుకోగానే వదిన వంటింట్లోంచే విని, కాఫీ కలిపి షెడ్డులోకి తెచ్చేది. పిలవాల్సిన పనే ఉండేది కాదు.

పోయినేడు అన్న గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత కారు మా మాట వినలేదు. స్క్రూలు నేను తిప్పాను, మెకానిక్కూ తిప్పాడు. స్టార్టయ్యేది, దగ్గేది, ఆగిపోయేది.

"మీయన్న చెవి మనకు యాడొస్తాదబ్బా" అని మెకానిక్కు చేతులు తుడుచుకున్నాడు.

వదిన షెడ్డు వైపు రావడమే మానేసింది. "దాన్ని చూస్తే ఆయన ఈడనే ఉండాడనిపిస్తాదప్పా. ఎవురికన్నా ఇచ్చేయి" అంది. నాకు ప్రాణం ఒప్పలేదు. కానీ ఆమె బాధ ముందు నా ముచ్చటెంత అనుకుని సరేనన్నాను.

శ్రీ సిటీలో పనిచేసే ఇంజనీరు ఒకాయన కొంటానన్నాడు. ఇంజను దగ్గుతుందని ముందే చెప్పాను. ఆయన వచ్చే ముందురోజు సాయంత్రం కూడా స్టార్ట్ చేసి చూశాను, అదే దగ్గు. బ్యాటరీ వైరు పీకి, షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను.

పొద్దున ఆయన ఎదుటే తాళం తీసి, వైరు తగిలించి స్టార్ట్ చేశాను. ఒక్క దగ్గు లేదు. అన్న ఉన్నప్పుడు ఎలా పలికేదో అలాగే, మెత్తగా పలికింది. దిగి బానెట్ ఎత్తాను. గోడకు మేకు మీద ఉండాల్సిన రబ్బరు గొట్టం ఇంజను పక్కన ఉంది.

వెనక అలికిడైతే తిరిగి చూశాను. వదిన, చేతిలో కాఫీ గ్లాసు. నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"చప్పుడు సర్దుకునిందని..." అంది.

అప్పుడైనా అమ్మనని అనుండాల్సింది. ఇచ్చిన మాట అడ్డొచ్చి కారు తాళాలు ఆయన చేతిలో పెట్టాను. కారు గేటు దాటి పోయింది.

మెకానిక్కును అడిగాను, ఇంటి ఛాయలకే రాలేదన్నాడు. చలికి స్క్రూలు సర్దుకుని ఉంటాయా అంటే నవ్వాడు. మరి గొట్టం కిందికి ఎలా వచ్చిందో నేను చెప్పలేను. నిజంగా అన్నే అయితే, కారును పంపొద్దని సరిచేశాడో, పోయేది బాగా పోవాలని సరిచేశాడో, అదీ తెలియదు. ఆ బాధ నన్ను వదలడం లేదు.

వదినా నేనూ ఆ కారు ఊసు ఎత్తం. వీధిలో ఏదైనా బండి స్టార్టయితే మాత్రం ఆమె స్టవ్వు తగ్గించి, అది పోయేదాకా వింటుంది.