జపాన్ గీత కంటే పొట్టిగా మా ఊరి గీత

1966 వేసవిలో నేను నిజామాబాద్‌లో జిల్లా గణాంకాల ఆఫీసులో స్టాటిస్టికల్ అసిస్టెంట్‌ని. ఊళ్ల నుంచి వచ్చిన లెక్కలను పట్టికలుగా కట్టడం నా పని. బోధన్ దగ్గర చెరకు పండే మా ఊరికి ఒకప్పుడు మా తాతగారు దొర. జాగీర్లు రద్దయ్యాక మిగిలిన భూమి కోర్టుల పాలైంది. కోటలాంటి మా ఇంటి, ఆ గడీ, తలుపులు కూడా అమ్ముకున్నాం. అయినా ఆఫీసులో నేను ఎవరి ముందూ నడుం వంచలేదు. మాకు మిగిలింది ఆ నడుమొక్కటే.

గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మా ఆఫీసరుగారికి ఆ ఏడు ఒక ఆలోచన వచ్చింది. జపాన్, తైవాన్, దక్షిణ కొరియాల పక్కన మన చెరకు పల్లెలను నిలబెట్టి, పంచాయతీ సమితి సమావేశంలో నిలువు గీతల పెద్ద చార్టు పెట్టాలి. జపాన్ పద్ధతి వరి నాట్ల గురించి మా రైతులు అప్పటికే విని ఉన్నారు కాబట్టి ఆసక్తిగా చూస్తారని ఆయన నమ్మకం. అందుకు కొన్ని ఇండికేటర్లు, అంటే ఒక ప్రాంతం ఎట్లా బతుకుతోందో చెప్పే కొలతలు, ఎంచుకున్నాం. ఎకరానికి వడ్లు, చదువు వచ్చిన ఆడవాళ్లు, తలసరి ఆదాయం, చివరగా ఇన్‌ఫాంట్ మోర్టాలిటీ రేట్. వెయ్యిమంది పుడితే ఏడాది నిండకముందే ఎందరు పోతున్నారన్నది ఈ చివరి కొలత.

మొదటి మూడింటిలో మేం ఆ మూడు దేశాలకూ వెనకే ఉన్నాం. నాలుగో దాంట్లో మాత్రం మా ఊళ్ల గీత జపాన్ గీత కంటే పొట్టిగా వచ్చింది, అంటే మా దగ్గర పసిపిల్లలు ఇంకా తక్కువగా పోతున్నట్టు.

“చూశావటయ్యా! జపాన్‌ని కొట్టేశాం!” అన్నారు ఆఫీసరుగారు.

“నాకు నమ్మబుద్ధి అయితలేదు సార్.”

“లెక్క కట్టింది నువ్వేగా?”

“కూడికల తప్పు లేదు సార్.”

“మరింకేం? పిల్లలు ఇంత బాగుంటే మీ ఊరికి సబ్‌సెంటర్ ఎందుకు? అక్కర్లేదని రాసేద్దాం.”

సబ్‌సెంటర్ అంటే కాన్పులు చేయడం నేర్చిన నర్సు ఉండే చిన్న సర్కారు దవాఖానా. మా ఊరికి ఒకటి ఇవ్వాలని ప్రతిపాదన ఉంది. నా గీత దాన్ని కొట్టేయబోతోంది. ఆ సాయంత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. స్టేషన్ దాకా నడిచి వెళ్లి, ఏ పనీ లేక తిరిగి వచ్చాను. మర్నాడు పొద్దున్నే బోధన్ బస్సెక్కి, అక్కడ సైకిల్ అద్దెకు తీసుకుని ఊరికి పోయాను.

ఒకప్పుడు మా గడీలో పనిచేసిన ఎల్లవ్వ ఇంటి ముందు చింతపండు గింజ తీస్తోంది. పక్కన ఆమె కోడలు లచ్చవ్వ, నిండు నెలలకు దగ్గర పడ్డ మనిషి.

“ఏం దొరా, గింత ఎండల సైకిల్ మీద వచ్చినవ్? గడీల గుర్రం యాడ పోయింది?”

“ముసల్దైంది ఎల్లవ్వా, నీ లెక్క.”

“నా లెక్కనే పస్తులు పెట్టి ఉంటవ్ దాన్ని!”

లచ్చవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మామూలుగా అడిగాను. “నీ కోడలికి పిల్లలెందరు?”

“యాడి పిల్లలు దొరా? గిప్పుడే అయితున్నది గదా.”

“గిది మూడోది,” అంది లచ్చవ్వ మెల్లగా.

“ఊకోవే! పేరు పెట్టకముందు పోయినోళ్లను లెక్కల చెప్తరా? గదీ దొర ముందట!”

లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు తెలిసింది. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టేదాకా బిడ్డ ఇంటి లెక్కలోకి రాదు. ఆ లోపల పోతే ఎవరూ ఆ మాట ఎత్తరు. మేం ఊరూరా “పిల్లలెందరు?” అని మగవాళ్లను అడిగాం. వాళ్లు అబద్ధం చెప్పలేదు. పేరున్న వాళ్లను చెప్పారు.

“ఎన్నిసార్లు పురుడైంది?” అని లచ్చవ్వనే అడిగాను.

“రెండుసార్లు. ఒకడు మూడు దినాలున్నడు. ఇంకోటి ఏడ్సింది గని కండ్లే తెరువలే.” ఆమే అడిగింది. “గీసారి నర్సమ్మ వస్తదన్నరు. నిజమేనా దొరా?”

లేచి పక్కింటికి నడిచాను. ఆ వారమంతా మా ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను పురుళ్ల గురించి అడిగాను. రెండు చోట్ల ముసలమ్మలు నన్ను గుమ్మంలోంచే తరిమేశారు. కొత్త లెక్కలో మా గీత జపాన్‌ను, తైవాన్‌ను, కొరియాను దాటి పైకి పోయింది.

సమావేశం రోజు చార్టులో పాత గీత పక్కనే నేను గీసిన కొత్త గీత చూసి ఆఫీసరుగారు అందరి ముందే మండిపడ్డారు. “కూలి జనం మాటలయ్యా ఇవి. నర్సు కోసం కల్పిస్తున్నారు. పరువు గల ఇళ్లల్లో ఇలా ఉంటుందా?”

ఆ హాల్లో కూర్చున్న వాళ్లలో సగం మంది తండ్రులు మా గడీ ముందు చెప్పులు విప్పి నడిచినవాళ్లు. నేను లేచి నిలబడ్డాను.

“మా ఇంట్లనే ఉన్నది సార్. మేం నలుగురమని అందరికి చెప్తం. మా అమ్మకు ఆరు కాన్పులు. ముందటి ఇద్దరికి పేర్లు లేవు. మీరు నన్నడిగినా నలుగురమనే చెప్పేవాణ్ని.”

ముందు వరసలో ఒక పెద్ద రైతు గొంతు సవరించుకున్నాడు. “మా ఇంట్ల గూడ ఒకడు పోయిండు.” వెనక నుంచి ఇంకొకరు, “మాకు ఇద్దరు.”

ఆఫీసరుగారు తల దించుకుని, “ఆ పాత గీత చెరిపెయ్యి. ఇదే ఉండనీ,” అన్నారు.

సబ్‌సెంటర్ మంజూరైంది, తొలకరికి నర్సు వచ్చింది. లచ్చవ్వకు ఆడపిల్ల. బతికింది.

సభలో నేనన్న మాట ఇంటికి చేరాక అమ్మ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఒకనాడు అన్నం వడ్డిస్తూ, “ఇద్దరూ ఆడపిల్లలేరా. నా పోలికే,” అని లోపలికి పోయింది.

ఆ తర్వాత ఎన్నో దేశాల పట్టికలు కట్టాను. ఏ అంకె అయినా మొదట ఒక గడప దగ్గర ఒక మనిషి ఇచ్చిన జవాబు. ఎవరు అడిగారు, ఏమని అడిగారు అన్నదాన్ని బట్టి అది మారుతుందని ఆ వేసవి నేర్పింది. జపాన్‌లో, కొరియాలో ఆ ప్రశ్న ఏ మాటల్లో అడిగారో నాకు తెలియదు. అది తెలుసుకోకుండా రెండు దేశాల గీతలు పక్కపక్కన గీయమంటే ఇప్పటికీ నా చెయ్యి ఆడదు.