అమ్మవారి పాదాల కింది సంవత్సరం

రంగూనులో మేం పెరిగిన కాలంలో దేనికైనా క్యూలో నిలబడాల్సిందే, బియ్యానికీ సబ్బుకీ కిరసనాయిలుకీ కూడా. అలా నిలబడీ నిలబడీ కాబోలు, మా ఈడువాళ్ళకి పట్టుదల మాత్రం రేషను లేకుండా దొరికింది. నేను నా వాటాకంటే కాస్త ఎక్కువే తెచ్చుకున్నాను. పదిహేడేళ్ళ వయసులో నాకు కుట్టుమిషను కావాల్సివచ్చింది. అది తప్ప ఇంకేదీ వద్దు. సంచౌంగ్ పేటలో ఒక బర్మా ఆవిడ (బర్మావాళ్ళు పెద్దావిడల్ని "డో" అంటారు, మేమంతా ఆవిడని "డో మిషను" అనేవాళ్ళం) తన పాత కాలిమిషను అమ్ముతానంది. నెలాఖరులోగా డబ్బు తేకపోతే ఇంకో దర్జీకి ఇచ్చేస్తానని కూడా అంది. ఇంట్లో అడిగితే నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు, అది ఇంకా కష్టం.

సరిగ్గా అప్పుడే పాత పుస్తకాల కొట్లో ఒక ఇంగ్లీషు పత్రిక నా కంటపడింది. ఇంగ్లండువాళ్ళు లెక్క మార్చేసి పాత నాణేలు చెల్లవన్నాక, వాటిని దాచుకునేవాళ్ళు పెరిగారట. కూడబలుక్కుని చదివాను. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. మామూలు పెన్నీలు కోట్లకొద్దీ ఉన్నాయి కానీ, 1933లో మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే కొట్టారట, వాటిలో కొన్ని పునాదిరాళ్ళ కింద పెట్టడానికట. అది దొరికినవాడు మేడ కట్టుకోవచ్చు! చదవడం అక్కడితో ఆపి ఇంటికి పరుగెత్తాను. ఎందుకంటే మా ఇంట్లో ఒక పెన్నీ ఉంది. అది దేవుడి గూట్లో ఉంది, నానమ్మ దానికి రోజూ పూజ చేస్తుంది.

మా తాత రేవులో మూటలు మోసేవాడు. ఓడ మనిషెవడో ఆయనకిచ్చిన ఆ కంచుబిళ్ళ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో త్రిశూలం, పక్కన డాలు, తలమీద కిరీటంలాంటి టోపీ, వెనక సముద్రం. నానమ్మకి ఆవిడ సాక్షాత్తూ అమ్మవారు. చిక్కేమిటంటే, సంవత్సరం వేసేది ఆవిడ పాదాల కింద, నానమ్మ కుంకుమ పెట్టేదీ సరిగ్గా అక్కడే. నలభై ఏళ్ళ పసుపూ కుంకుమా దీపం నూనెతో కలిసి రాయిలా గట్టిపడిపోయాయి. కడుగుతానంటే "అమ్మోరి పసుపు తియ్యకూడదే" అని చేతిమీద ఒక్కటిచ్చింది.

నాలుగు రోజులు ఆలోచించి ఒక కల కన్నాను (అంటే, కన్నానని చెప్పాను). "నానమ్మా, రాత్రి అమ్మోరు కల్లోకొచ్చి, నా కాళ్ళు బరువెక్కిపోనాయి, కడగండర్రా అన్నాది." నానమ్మ నన్ను ఎగాదిగా చూసి, "అన్నాదేటి? అయితే కడుగు" అంది.

శుక్రవారం పొద్దున్నే చింతపండు పెట్టి తోమడానికి కూర్చున్నాను. (పాత నాణెం తోమితే విలువ పోతుందని ఆ పత్రికలో తరవాతి పేజీలో ఉందట. ఆ పేజీ నేను తిప్పితేగా!) మొదట ఒకటి తేలింది, తరవాత తొమ్మిది. ఆ తరవాత మూడు కూడా తేలింది. మిషను చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. చివరి అంకె మీది పెచ్చుని చీపురుపుల్లతో గీరాను.

ఆరు.

"ఏటే, అమ్మోరి కాళ్ళు చూసి ఏడుస్తన్నావు?" అంది నానమ్మ.

ఉక్రోషంలో అంతా కక్కేశాను. "అమ్మోరూ కాదు, ఏటీ కాదు నానమ్మా! ఇంగిలీసోళ్ళ డబ్బిది. ఇలాటివి కోట్లున్నాయి. దీనికి మిషను కాదు గదా, సూది కూడా రాదు."

నానమ్మ చెక్కుచెదరలేదు. "నాకు తెల్దేటి? మీ తాత తెచ్చిన్నాడే సెప్పినాడు. యుద్దమొచ్చి, బాంబులు పడి, మనోళ్ళందరూ బర్మా ఇడిసి ఊరికి నడిసెల్లిపోతంటే, కడుపులో మీ నాన్ననెట్టుకుని నేను కదల్లేకపోనాను. దేముడి పటాలు కాలిపోనాయి. దండమెట్టుకోడానికి ఒక మొకం కావాలి గదే. ఇంట్లో ఉన్న మొకం ఇదొక్కటే. ఆడది, సేతిలో సూలముంది. నాకు సాలింది." బిళ్ళని నా చేతిలోంచి తీసుకుని, "నీ కల అబద్దమనీ తెలుసు. ఇంగిలీసు అమ్మోరికి మన తెలుగెలగొచ్చిందే?" అంది.

మర్నాడే సంచౌంగ్ బస్సెక్కాను. డబ్బు లేదు, మిషను ఖరీదు తీరేదాకా నీ కుట్టుపనంతా నేనే చేస్తానని డో మిషనుతో చెప్పాను. కాదంది. మళ్ళీ వెళ్ళాను. అయిదోరోజున, నన్ను గుమ్మంలో చూడలేక లోపలికి రమ్మంది. పద్నాలుగు నెలలు ఆవిడకి జాకెట్లూ లుంగీలూ కుట్టాక, ఆ మిషను లమ్మడా పేటలో మేముండే మూడో అంతస్తు ఎక్కింది.

నానమ్మ పోయి చాలా కాలమైంది. గూట్లో దీపం ఇప్పుడు నేనే పెడుతున్నాను. ఆ పదిహేడేళ్ళ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. ఆ చివరి అంకె మూడే అయివుంటే, నానమ్మ కాళ్ళావేళ్ళా పడ్డా ఆగేదాన్ని కాదు, ఆవిడకున్న ఆ ఒక్క ముఖాన్నీ అమ్మేసేదాన్ని. అందుకే కుంకుమ కాస్త పక్కకి జరిపి పెడతాను. దండం పెట్టుకునేటప్పుడు ఆ ఆరు నాకు కనబడాలి.