దొంగ దొరకని రోజు

మా ఆయన్ని వీధిలో అందరూ పోలీసు అంటారు. లాఠీ లేదు, టోపీ లేదు, పొట్ట మాత్రం ఉంది. సైకిలు పంక్చర్లు వేసే మనిషికి ఆ పేరేమిటంటారా? ట్యూబుకి అతుకు వేసి చేతులు దులుపుకునే రకం కాదు ఆయన. "చిల్లు పడిందంటే ఎవడో పొడిచాడన్నమాట. వాడింకా టైరులోనే నక్కి ఉంటాడు. వాణ్ణి పట్టుకోకుండా ఎన్ని అతుకులు వేస్తే ఏం లాభం?" అంటాడు. అందుకని విప్పిన ప్రతి టైరులోనూ ఉత్త చూపుడువేలు పెట్టి చుట్టూ తడుముతాడు. ముల్లో, తీగముక్కో, గాజుపెంకో వేలికి గుచ్చుకుంటుంది. "దొంగ దొరికాడు!" అని వీధంతా వినపడేలా అరిచి, దాన్ని పీకి రేకు మూతలో టంగుమని పడేస్తాడు. ఆ చప్పుడు వింటే గానీ జనం సైకిలు తీసుకోరు.

వేలికి గుడ్డ చుట్టుకుని తడమొచ్చుగా అని పెళ్లయిన కొత్తలో అన్నాను. "గుడ్డకి నొప్పి తెలుస్తుందటే పిచ్చిదానా?" అన్నాడు. పెద్ద పండితుడు మరి!

ఈ మధ్య మూతలో చప్పుడు తగ్గింది. ఏమయ్యా అంటే, "దారిలోనే రాలిపోయి ఉంటాడులే" అనేవాడు. షుగరు ముదిరింది, చేతులూ కాళ్లూ చూపించుకోమని డాక్టరు చెప్పాడు. ఈయన వింటేగా! గోడకి చెప్పడం నయం. గోడ కనీసం తల ఊపి మోసం చెయ్యదు.

ఆ రోజు పొద్దున్నే మా అమ్మాయి సైకిలు ముందు టైరు చప్పబడిపోయింది. అది ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి టైమైపోతోందని గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. మా ఆయన గబగబా టైరు విప్పాడు, ట్యూబుకి గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగలొచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి అతుకు వేశాడు. టైరు లోపల వేలు తిప్పాడు. ఎందుకో మళ్లీ తిప్పాడు.

"ఏం లేదు తల్లీ, నువ్వు వెళ్లు" అన్నాడు. చక్రం బిగించడం ఆలస్యం, అది తుర్రుమంది.

నేను టీ తెచ్చాను. స్టీలు గ్లాసు, పొగలు కక్కుతోంది. గుడ్డతో పట్టుకొచ్చి "కాలుతుంది, జాగ్రత్త" అంటూ ఇచ్చాను. ఆయన గ్లాసుని పిడికిట్లో బిగించి పట్టుకుని, తీరిగ్గా పక్క దుకాణం వాడి కబుర్లు మొదలెట్టాడు.

"ఏమయ్యా, కాలట్లేదూ?"

"కాలడానికేముంది, చల్లారిపోయిందిగా."

గ్లాసు లాక్కున్నాను. దానిమీద ఎర్రటి మరక. చెయ్యి తిప్పి చూస్తే చూపుడువేలి కొస లోతుగా తెగి, రక్తం అరచేతిలోకి కారుతోంది. ఆయన ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు. పొద్దుటి నుంచి ఆయన పని చేసింది ఆ ఒక్క టైరు మీదే.

"ఓరి దేవుడో! దొంగ నిన్ను పొడిచాడు, నీకు తెలీనే లేదు! వాడింకా అమ్మాయి టైరులోనే ఉన్నాడు!"

ఆసుపత్రికి వెళ్లాలంటే వంతెన ఎక్కి అవతలకి దిగాలి. నిట్టనిలువు దిగుడు, కిందేమో లారీల రోడ్డు. ఆ దిగుడులో ముందు చక్రం పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఫోను చేశాను. ఎత్తలేదు. సైకిలు మీద ఉండగా ఫోను ముట్టుకున్నావో కాళ్లు విరగ్గొడతానని చెప్పి పెంచింది నేనే. దుకాణం నిండా సైకిళ్లు, ఒక్కదానికీ రెండు చక్రాల్లేవు!

సైకిలు వంతెన ఎక్కాలంటే బజారు చుట్టూ తిరిగి రావాలి. మనుషులకి మా సందు చివరే మెట్లున్నాయి. పక్కింటికి వెళ్లాలన్నా మోకాళ్లు పట్టుకునే దాన్ని, ఆ మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలీదు. పైకొచ్చేసరికి అమ్మాయి అప్పుడే నా ముందునుంచి దాటిపోతోంది. "అమ్మాయ్! ఆగవే!" అన్నాను. బస్సు హారన్లో నా కేక కలిసిపోయింది. పరిగెత్తి వెనక క్యారియరు పట్టుకున్నాను. సైకిలు నన్ను నాలుగడుగులు ఈడ్చింది, చచ్చినా వదల్లేదు.

"అమ్మా! నీకేమన్నా పిచ్చా? పడిపోయేదాన్ని!" అని అది నామీద విరుచుకుపడింది. నాకు ఊపిరి అందడం లేదు, ముందు చక్రం వైపు వేలు చూపించాను. సుయ్... అని సన్నటి చప్పుడు. మేం చూస్తుండగానే టైరు నేలకి అతుక్కుపోయింది. అమ్మాయి దిగుడు వైపు చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మా ఆయన రొప్పుతూ వచ్చాడు. కూతుర్ని తలనుంచి పాదాల దాకా చూసుకున్నాడు. తర్వాత వంతెన గోడ పక్కన కూలబడి టైరు విప్పాడు. వేలు లోపల పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు చూడవే" అన్నాడు నాతో.

"ఎన్నాళ్లనుంచి నాన్నా?" అంది అమ్మాయి.

"చాలా రోజులే అయింది. చెబితే మీరు నన్ను టైరు ముట్టుకోనిస్తారా?"

తిట్టాలని నోటిదాకా వచ్చింది. మింగేసి టైరులో వేలు పెట్టాను. సగం దూరం వెళ్లానో లేదో "అబ్బా!" అని అరిచాను. గోరంత గాజుపెంకు. అంచున ఆయన రక్తం ఎండి ఉంది, నాది పచ్చిగా ఉంది.

"దొరికాడా?" అన్నాడు. ఎప్పటి అరుపు కాదది. "బాగా నొప్పి పుట్టిందా?"

"పుట్టదూ? ప్రాణం పోయింది!"

"అదృష్టం" అన్నాడు నా వేలు చూస్తూ.

గాజుపెంకు అందుకోవడానికి అలవాటుగా మూత కోసం పక్కన తడుముకున్నాడు. లేదు. ఆ తెగిన చేతినే మూతలా చాపాడు. అందులో వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.