భూకంపం కథలో సగం

మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నేను అరబ్బీ నేర్చుకుంది ఉద్యోగం కోసం. పాత అరబ్బు చరిత్రకారుల భూకంపాల రాతల్లో పడ్డాక ఆ ఉద్యోగం మీద ధ్యాసే పోయింది. చిలకలూరిపేటలో మా మేడమీద గదిలో కూర్చుని వాటిని తెలుగు చేస్తుంటాను. కిటికీ తెరిస్తే జిన్నింగు మిల్లు దూది కాగితాల మీద వాలుతుంది.

వాళ్ళ పద్ధతి నాకు భలే ఇష్టం. తాము పుట్టక ముందెప్పుడో కూలిన ఊరి గురించి రాస్తూ, ఇది ఫలానా పుస్తకంలో చూశాను, ఇది అటునుంచి వచ్చిన ఉత్తరంలో ఉంది అని చెప్పుకుంటూ పోతారు. కొందరు మాత్రం నా ప్రాణం తీస్తారు. ముందువాడు రాసింది కుదించే హడావిడిలో సగం కోసేస్తారు. తర్వాతివాడు ఆ సగాన్నే మొత్తమనుకుని ఎక్కించుకుంటాడు. జనం బతికి బయటపడ్డ సంగతి పోయి, గోడలు కూలిన సంగతే మిగులుతుంది.

మా ఇంట్లోనూ ఒక భూకంపం కథ ఉంది. చాలా ఏళ్ళ కిందట పొదిలి దగ్గర మా మేనత్తవాళ్ళ ఊళ్ళో భూమి కంపించింది. అత్త ఉయ్యాల్లో బిడ్డను వదిలేసి బయటికి పరిగెత్తిందని ఊరంతా నవ్వుకునేవారు. ఆ బిడ్డే మా వదిన. ఆ నవ్వుల మధ్యే పెరిగింది. పెళ్ళై పర్చూరు వెళ్ళాక తల్లితో ముక్తసరిగా మాట్లాడేది. అత్త లోలోపలే కుమిలిపోయేది.

ఈమధ్య అక్కడ మళ్ళీ భూమి కొద్దిగా కదిలింది. మర్నాడు వదిన వచ్చిందని తెలిసి నేనూ వెళ్ళాను. పలకరించడానికి వచ్చిన పక్కింటామె పాత కథే ఎత్తుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"నీకెవరు చెప్పారు?" అన్నాను.

"మీ అత్త వాళ్ళ అత్తగారేనమ్మా. ఆవిడ మంచం చుట్టూ అందరం మిరపకాయలకు తొడిమలు తీస్తా కూర్చున్నాం. ఇంతలో మిరప టిక్కీలకు లారీ వచ్చింది, బస్తాలు ఎక్కించడానికి లేచిపోయాం."

"తర్వాతేం చెప్పింది?"

"ఏమో, ఎవరికి తెలుసు?"

అత్త వైపు తిరిగాను. "నువ్వు చెప్పత్తా."

"వదిలేసి పోయిన మాట నిజమేనే," అంది అత్త. "మా అత్తగారు మంచాన పడి ఉంది, లేవలేదు. ముందు ఆవిణ్ణి ఎత్తుకెళ్ళి బయట పడుకోబెట్టా. మళ్ళీ లోపలికొచ్చి దీన్ని తీసుకున్నా. గడప దాటానో లేదో, కప్పు కూలింది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ అదే చెప్తా ఉండేది, దీనికి ఊహ తెలియకముందే పోయింది."

వదిన అరిచినంత పని చేసింది. "మరి నాతో చెప్పొచ్చుగా అమ్మా!"

"ముందు ఎత్తుకుంది నిన్ను కాదుగా తల్లీ. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

వదిన భోరుమంది. సాయంత్రం పర్చూరు వెళ్ళాల్సిన మనిషి ఆ రోజు బస్సెక్కలేదు.