సార్ గాల్లో నిలిపిన అయస్కాంతం

కామారెడ్డి కాలేజీల ఫిజిక్స్ చెప్పిన సార్ పోయిండని ఫోనొచ్చినప్పుడు నేను ఎల్లారెడ్డి పశువుల దవాఖానల ఓ బర్రెకు సూదేస్తున్న. చేతులు కడుక్కొని కూసున్న. ముందు ఏడుపు రాలేదు, భయమైంది. అయస్కాంతం గాల్లో నిలిచింది కండ్లార చూసినోణ్ని ఇగ నేనొక్కణ్నే.

నేను ఆయన దగ్గర చదువుకోలేదు. ఎనభైల చివర్ల ఓ ఎండాకాలం, పెద్ద ఫ్లాస్కు పట్టుకొని ఆయనే నా దగ్గరికొచ్చిండు.

"డాక్టర్ సాబ్, మీ దగ్గర ద్రవ నైట్రోజన్ ఉంటదట గదా, కొంచెం ఇస్తరా?"

ఆబోతుల వీర్యం చెడకుండ దాచేటందుకు మాకది వచ్చేది. మూత బిగించొద్దని చెప్పి ఇచ్చిన. ఎందుకని అడిగిన. రాగి కలిసిన నల్ల బిళ్ల ఒకటి కాల్చి చేసిండట. ఆ చలిల దాంట్ల కరెంటు ఏ అడ్డు లేకుండ పారుతదట, దాని మీద అయస్కాంతం గాల్లో నిలుస్తదట.

నమ్మబుద్ధి కాలేదు. చూద్దామని ఆయనెంబడే బస్సెక్కిన. నిలబడ జాగ లేదు. లింగంపేటల కొందరు దిగినంక అందరం కొంచెం జరిగినం.

"చూసిన్రా? ఆ బిళ్లల ఎలక్ట్రాన్లు గూడ గిట్లనే. కొన్నిటిని తీసేస్తెనే మిగిలినయి కదులుతయి" అన్నడు సార్. మళ్ల ఆయనే, "పాత లోహాలల్ల అవి ఎట్ల జత కడ్తయో తెల్సింది. దీంట్ల ఇంక తెల్వది. ఒకదాన్నొకటి గంత తోసుకునేటియి జతెందుకు కడ్తున్నయి?" అన్నడు. నన్ను కాదు, కిటికీని అడిగినట్టుండె.

కాలేజీల గిన్నెల బిళ్ల పెట్టి నైట్రోజన్ పోసిండు. తెల్లటి పొగ బల్ల మీదికి పారింది. పట్టకారుతోని చిన్న అయస్కాంతం తెచ్చి వదిలిండు. అది పడలేదు. అగ్గిపుల్లతోని తాకితె అట్లనే గాల్లో తిరిగింది. సార్ అగ్గిపుల్ల ఆడ్నే పడేసి, "ప్రిన్సిపాల్‌ను పిలుచుకొస్త" అని ఉరికిండు.

ప్రిన్సిపాల్, ఇంకొందరు లెక్చరర్లు వచ్చేసరికి నైట్రోజన్ ఆవిరైపోయింది. అయస్కాంతం బిళ్ల మీద పడుంది. బిళ్లకు మంచు పట్టి, కరిగి, తడిసింది. వచ్చినోళ్లు మర్యాదగ నవ్వి పోయిన్రు. మళ్ల పోస్తె లేవలేదు. తడికి చెడిపోయిందన్నడు సార్. తర్వాత చేసినయి ఒక్కటీ పని చెయ్యలేదు. బిళ్లలు కాల్చే కరెంటు కొలిమి కాలిపోయింది, బాగు చేయించినోళ్లు లేరు.

పాఠం మాత్రం ఎప్పటిలెక్కనే చెప్పెటోడు. పిల్లలు తప్పు చెప్పినా చివరిదాంక ఇని, "మళ్ల చెప్పు, నువ్వే పట్టుకుంటవు" అనెటోడట. తెల్వనిది తెల్వదని చెప్పుడు నేను ఆయన దగ్గర్నే నేర్చుకున్న.

కాని బస్టాండుల కలిసినా, పెండ్లిల కలిసినా ఒక్కటే అడుగుడు. "మీరు చూసిన్రు గదా?"

"చూసిన సార్."

ఏండ్లు గడిచినకొద్ది నాకే అనుమానమొచ్చేది. దవాఖానల నైట్రోజన్ డబ్బా మూత తీసి పొగ బయటికొస్తె, ఎనుక ఎవరో నిలబడ్డట్టయి తిరిగి చూసెటోణ్ని. ఇప్పటికీ చూస్త.

సార్‌ను మట్టి చేసినంక కొన్ని రోజులకు ఆయనింటికి పోయిన. సార్ భార్యను భాభీ అంట. మొగుడు పోయినోళ్లు కొన్ని నెలలు పరాయి మగోళ్లకు కనబడని ఇద్దత్‌ల ఉంది, పరదా ఎనుకనుంచే మాట్లాడింది.

"డాక్టర్ సాబ్, ఆ దినం అది నిజంగ లేచిందా? ఆయన్ను నేనెన్నడు అడగలే."

"లేచింది భాభీ."

"ఎంత?"

బొటనవేలు, చూపుడువేలు మధ్య సందు పెట్టి చూపిచ్చిన. పరదా సందులకెల్లి చూసిందేమో, ఆమె చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది. రెండు వేళ్ల మధ్య అంతే సందు. సరిపోయిందని చెప్పిన. ఆ చెయ్యి లోపలికి పోలేదు, వేళ్లు దగ్గరికి రాలేదు. నేను లేచి చెప్పులేసుకునేదాంక అట్లనే ఉంది.