పలకని ఆ ఒక్క పిలుపు: ఛత్తర్‌పూర్ ఈతకొలనులో మా ఆదివారం

మా హంసకు ఆరేళ్లు. నోయిడాలో మేముండే సొసైటీలో ఈతకొలను ఉంది కానీ, ఈ వేసవిలో మరమ్మతులని మూసేశారు. "క్లాసులో అందరికీ స్విమ్మింగ్ వచ్చు, నాకే రాదు" అని అది రోజూ సాధిస్తుంటే, ఛత్తర్‌పూర్ దాటాక ఒక ఫామ్‌హౌస్‌లో ఆదివారాలు పిల్లలకు ఈత నేర్పుతారని తెలిసి బయలుదేరాం. నేను కంటి వైద్యురాలిని. నాకు గానీ, నా భర్త రఘుకు గానీ ఈత రాదు. ఇలాంటి ప్రయాణం తలపెట్టిన తల్లిదండ్రుల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉదయం ఎనిమిదికి బొటానికల్ గార్డెన్‌లో మెట్రో మెజెంటా లైన్ ఎక్కి, హౌజ్‌ఖాస్‌లో ఎల్లో లైన్‌కు మారి ఛత్తర్‌పూర్‌లో దిగాం. అక్కడి నుంచి ఆటోకు రెండు వందల యాభై. హంస చేతిలోని ఈత టోపీ చూసి డ్రైవర్ హిందీలో నవ్వాడు: "ఈతకు ఫీజా మేడమ్‌జీ? మేం గేదె తోక పట్టుకుని నేర్చుకున్నాం. అది పైసా అడగలేదు." ఫామ్‌హౌస్‌లో పెద్దలకు ఐదు వందలు, శిక్షణతో కలిపి పిల్లలకు ఏడు వందలు, భోజనం అందులోనే. తొమ్మిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది.

కొలను గట్టున మా తెలుగు విని పక్కన చేరిన లక్ష్మిగారిది విజయనగరం. భర్త సైన్యంలో ఉన్నారు, నివాసం కంటోన్మెంట్‌లో. రెండు నిమిషాలకోసారి ఆమె "బాబీ!" అని కేకేసేవారు. నీళ్లలోంచి కొడుకు "హా మమ్మీ!" అనేవాడు.

"మా కంటోన్మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో ఇదే అలవాటు డాక్టరుగారూ. పిలిస్తే పలకాల. పలక్కపోతే మనం లేవాల."

మేం అడగకుండానే హంసను కూడా ఆ వరుసలో చేర్చేశారు. "హంసా!" "హా ఆంటీ!" పక్కనున్న నాకు అది కొంచెం అతిగానే తోచింది.

"ఇది ఈతా, పరేడా అండీ?" అన్నాడు రఘు.

"నవ్వండి బాబూ, నవ్వండి. పరేడ్ చేసేవోడి పెళ్లాన్ని మరి!"

పదకొండు దాటాక చిన్నపిల్లల్ని నీళ్లలోని మెట్ల మీద కూర్చోమని చెప్పి, కోచ్‌లు పెద్ద పిల్లల వైపు వెళ్లారు. రఘు నిమ్మరసం తేవడానికి లేచాడు. లక్ష్మిగారు పిలిచారు. బాబీ పలికాడు. హంస పలకలేదు.

"ఇక్కడే ఉందండీ" అన్నాను, నీటి వైపే చూస్తూ.

"ఎక్కడమ్మా?"

వేలితో చూపించబోయాను. మెట్ల మీద ముగ్గురు పిల్లలున్నారు. వాళ్లలో హంస లేదు. నా నోట మాట వచ్చేలోపే ఆమె సల్వార్‌తోనే నీళ్లలోకి దూకి, నా పాదాలకు రెండు బారల దూరంలోంచి నా కూతుర్ని పైకెత్తారు.

మెట్లు అయిపోయి లోతు మొదలయ్యే చోటు అది. కొలనులో నీలం టైల్స్, పైన ఎండ తళతళలు, హంస ఒంటి మీద మూడు రోజుల కిందట నేనే ముచ్చటపడి కొన్న లేత నీలం ఈత దుస్తులు. కేక లేదు, చెయ్యి పైకి లేవలేదు, నీళ్లు చిందలేదు. అది మునిగింది నా కళ్లెదుటే. అర నిమిషమో, ఇంకా తక్కువో, ఇప్పటికీ చెప్పలేను.

హంస దగ్గింది, నీళ్లు కక్కింది, ఏడ్చింది. తేరుకున్నాక నా మెడ పట్టుకుని, "మైనే బోలా థా మమ్మీ... పానీ మే" అంది. అది పలికిందట, నీళ్లలోంచే. భోజనాల ఊసెత్తకుండా, ఇరవై నిమిషాల్లో దగ్గరి ఆసుపత్రికి చేర్చాం. ఊపిరితిత్తుల్లో ఇబ్బంది ఆలస్యంగా బయటపడవచ్చని సాయంత్రం దాకా పరిశీలనలో ఉంచి పంపారు.

వెనక రంగులో కలిసిపోయిన వస్తువును కన్ను పట్టుకోలేదని నేను రోజూ తల్లిదండ్రులకు వివరిస్తాను. దుస్తులు కొంటున్నప్పుడు ఆ సంగతే నాకు తోచలేదు. అంతకన్నా నన్ను ఇప్పటికీ వణికించేది మరొకటి. ప్రమాదం చప్పుడు చేస్తుందని, చేస్తే వినిపిస్తుందని నేను నిశ్చింతగా ఉన్నాను. రెండు వారాల తర్వాత హంసే మళ్లీ వెళ్దామంది. వెళ్లాం. ఈసారి నేను మెట్ల మీదే, మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చున్నాను.

ఒక్క సూచన. పిల్లల ఈత దుస్తులు ఇంటికి తెచ్చాక, లేబుల్ చింపకముందే, నీలం బకెట్‌లో నీళ్లు నింపి, కవర్‌తో సహా అడుగున ముంచి, ఎండలో నాలుగడుగుల దూరం నుంచి చూడండి. ఒక్క చూపులో కంటికి ఆనకపోతే, పాప ఎంత ఏడ్చినా సరే, వెనక్కి ఇచ్చేసి నారింజ రంగువి తెచ్చుకోండి.