ఛత్రీ సేఠ్ గొంతు మారిన శనివారం

మా చిన్నప్పుడు... శనివారం పొద్దుగూకే వేళకు కంచన్‌బాగ్ ఫ్యాక్టరీ క్వార్టర్స్ గ్రౌండులో రెండు గుంజల మధ్య తెల్ల దుప్పటి కట్టేవాళ్ళు. అమ్మ మరచెంబులో నీళ్ళు, రుమాలులో పుట్నాలు కట్టి ఇచ్చేది. చాప చంకలో పెట్టుకుని ముందు వరుసకు ఒకటే పరుగు! పెద్ద సినిమా కోసం కాదండీ... దానికి ముందు వేసే పది నిమిషాల బొమ్మల రీలు కోసం!

అప్పటికి మా క్వార్టర్స్‌లో టీవీ అన్న మాటే లేదు. ఆ రీళ్ళు ఏ దేశానివో, ఏ భాషవో రీలు తిప్పే ఆపరేటరుకు కూడా తెలియదు. గొడుగు పట్టుకుని నడిచే ఒక గాడిద... దాని వీపు మీద ఎవరో ఒకరు మూట పెట్టాలని చూస్తుంటారు... అంతే కథ. వారం వారం అదే గాడిద, కొత్త మూట.

రీలు సౌండు తగ్గించి, పక్కన మైకు పట్టుకుని రాజలింగం కాక తెలుగులో మాటలు చెప్పేవాడు. కాక ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసే మనిషి. గాడిదకు ఛత్రీ సేఠ్ అని పేరు పెట్టింది కూడా ఆయనే! ఎవడైనా మూట ఎత్తితే చాలు, సేఠ్ గొడుగు అడ్డం పెట్టి, "షిఫ్టు అయిపోయింది భై! రేపు రాపో!" అనేవాడు. ఆ మాట గ్రౌండంతా ఒక్క గొంతుతో... అబ్బబ్బ! ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తోంది!

ఒక ఎండాకాలం కాకకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది... గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి, గరగర. అంతే. రెండు నెలలు బొమ్మల రీలు వేయనే లేదు.

ఆ తర్వాతి శనివారం మైకు దగ్గర కాక కూతురు విమల నిలబడింది. నా తరగతే, ఏడు. రెండు నెలలూ ఇంట్లో నాన్న పెదవులు చూసి, సైగలు చూసి ప్రతి మాటా నేర్చుకుందట. కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికొచ్చిన మనిషిలా పక్కన ఇనుప కుర్చీలో కూర్చున్నాడు.

రీలు తిరిగింది. "షిఫ్టు అయిపోయింది భై..." సన్నటి ఆడపిల్ల గొంతు.

నా పక్కన యాదగిరి అన్నాడు, "ఏందిరా గిది? సేఠ్‌కు లంగా తొడిగిన్రా ఏంది?"

చుట్టూ నవ్వారు. నాకు అంతకంటే పెద్ద నవ్వు కావాలనిపించింది. లేచి నిలబడి ఓండ్ర పెట్టాను. అచ్చం గాడిదలా. నా వెనక ఇంకొకడు... ఇంకొకడు... క్షణంలో గ్రౌండంతా ఓండ్రలే. దాచుకోవడం ఎందుకు, నాకు మస్తు సంతోషమేసింది.

విమల ఆపలేదు. ఇంకా గట్టిగా చెప్పింది. మేము ఇంకా గట్టిగా అరిచాం.

అప్పుడు కాక లేచి మైకు తీసుకున్నాడు. ఏదో అన్నాడు. మైకులో గరగర తప్ప ఏమీ రాలేదు, జనం పడీ పడీ నవ్వారు. కానీ నేను ముందు వరుసలో ఉన్నాను. ఆయన పెదవులు చూశాను. "నా బిడ్డను చెప్పనియ్యుండ్రి" అంటున్నాడు.

అది అర్థమయ్యాకే నేను అరిచాను, "కాకా, షిఫ్టు అయిపోయింది! రేపు రాపో!"

సినిమా వేయించే క్లబ్బు ఆయన వచ్చి మైకు తీగ పీకేశాడు. కాక కూతురి చెయ్యి పట్టుకుని మా చాపల మధ్య నుంచే నడిచి వెళ్ళాడు. గేటు అటువైపే ఉంది మరి.

అంతటితో వదిలామా? నల్లా దగ్గర నీళ్ళు పడుతూ కనబడితే ఓండ్ర. బడికి పోయే దారిలో ఓండ్ర. బడిలో సారు హాజరు పిలిస్తే విమల పలకడం మానేసింది, చెయ్యెత్తేది. "నోట్లె ఏం పెట్టుకున్నవే? పలుకు!" అని సారు ఆ చేతి మీద బెత్తంతో కొట్టేవాడు. రెండో చెయ్యి ఎత్తేది. మేము నవ్వేవాళ్ళం. పరీక్షలయ్యాక బడే మానేసింది.

ఎందుకు చేశామంటారా... ఆ పిల్ల ఒక్క మాట తప్పు చెప్పలేదు. కాక చెబుతున్నంత కాలం సేఠ్ మా బస్తీవాడే అనుకున్నాం. గొంతు మారగానే దుప్పటి కనబడింది... దాని మీద మరకలు కనబడ్డాయి. ఆ కోపానికి ఎదురుగా పన్నెండేళ్ళ పిల్ల దొరికింది. కాక మీద ప్రేమతో అలా చేశామని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. కాక మీద ప్రేమే అయితే, ఆయన అడిగిన ఆ ఒక్కటీ ఇచ్చేవాళ్ళం కదా!

ఇప్పుడు ఇదెందుకు రాస్తున్నానంటే... సంతోషం పట్టలేక మొదలుపెట్టాను! మా చిన్నమ్మాయికి టీవీలో పిల్లల బొమ్మల సీరియల్‌కు గొంతు ఇచ్చే పని దొరికింది! ఏళ్ళ తరబడి చెప్పిన ఆవిడ మానేస్తే ఆ చోట మా పిల్ల! వీధి వీధంతా మిఠాయి పంచాను. బొమ్మ నోరు తెరిస్తే చాలు, "మా బిడ్డ! మా బిడ్డ!" అని టీవీకి దండం పెట్టేస్తున్నాను!

నిన్న మా అమ్మాయి తన గొంతు గురించి జనం రాసినవి ఫోనులో చూసి చదివి వినిపించింది. పాత గొంతు తెమ్మని కొందరు... దీన్ని ఎవరు పెట్టారని కొందరు... తన ఫొటో పెట్టి రాసినవి ఇక్కడ రాయడానికి నా చెయ్యి రాదు. నవ్వుతూనే చదివింది, మధ్యలో రెండుసార్లు ఆగింది.

"మీ చిన్నప్పుడే నయముండె గద బాపూ? మనుషులను గిట్ల సతాయించేటోళ్ళు లేకుండె."

"లేకుండె బిడ్డా" అన్నాను.

రాత్రంతా ఆలోచించాను. అప్పుడు అరిచేవాడి మొహం నాలుగు చాపల అవతలకైనా కనబడేది... ఇప్పుడు అదీ లేదు. మారిందల్లా అంతే.

ఆ గ్రౌండులోనో, మీ ఊరి ఇంకో గ్రౌండులోనో కూర్చున్నవాళ్ళు ఇది చదువుతుంటే, ఆ రోజు మీరేమని అరిచారో కింద రాయండి. నాది రాసేశాను. ఇంకాసేపట్లో మా అమ్మాయి కూడా చదువుతుంది.